కూడదు, కుదరదు

హారం సున్నా కాకూడదు. లెక్కల పుస్తకం పట్టుకున్న ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు వల్లించిన వాక్యం ఇది. ఇరవై ఏడేళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకి గణితం చెప్పాను. ప్రమేయాలు మొదలుపెట్టిన రెండో వారంలో, 'ప్రదేశం కనుక్కోండి' అనే లెక్కల దగ్గర, దీన్ని బల్ల మీద రాయాల్సి వచ్చేది. పైన ఒక బహుపది, కింద ఒక బహుపది ఉంటే అది అకరణీయ సమాసం. కింద ఉన్న బహుపదిని సున్నా చేసే విలువలు ఏవో చూసుకుని వాటిని మినహాయించాలి. హారం ఎక్స్ మైనస్ 3 అయితే 3ని తీసెయ్యాలి. హారం ఎక్స్ వర్గం మైనస్ 9 అయితే 3నీ, మైనస్ 3నీ తీసెయ్యాలి. చేసే పని అంతే, అయిదు నిమిషాలు కూడా పట్టదు. కానీ 'కాకూడదు' అనే ఆ మాట మాత్రం పలికిన ప్రతిసారీ నాకు గొంతుకి అడ్డం పడుతుండేది.

'కూడదు' అన్న మాట ఆడపిల్లకి లెక్కల పీరియడ్లో కొత్తగా వినిపించేది కాదు. గుమ్మంలో నిలబడకూడదు. పెద్దగా నవ్వకూడదు. దీపాలు పెట్టే వేళ పడుకోకూడదు. ఆ మూడు రోజులూ ఊరగాయ జాడీ ముట్టుకోకూడదు. అదే వరసలో సున్నాతో భాగించకూడదు. మా క్లాసుల్లో ఆడపిల్లలు ఈ నియమాన్ని మగపిల్లలకంటే తొందరగా ఒప్పేసుకోవడం గమనించాను. ఎందుకని అడిగేవాళ్ళు తక్కువ. కారణం చెప్పకుండా పెట్టే నిషేధాలకి పదహారేళ్ళకే అంతగా అలవాటు పడిపోయారన్నమాట. ఒక ఏడాది మాత్రం వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి "భాగిస్తే ఏమవుతుంది మేడమ్?" అంది. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఆ నియమం చెప్పే హక్కు ఏ టీచరుకీ లేదు.

6ని 2తో భాగించడమంటే, ఏ సంఖ్యని 2తో గుణిస్తే 6 వస్తుందో వెతకడం. 3 దొరుకుతుంది, అదొక్కటే దొరుకుతుంది. 6ని సున్నాతో భాగించాలంటే ఏ సంఖ్యని సున్నాతో గుణిస్తే 6 వస్తుందో వెతకాలి. అలాంటి సంఖ్య లేదు. ఇక సున్నాని సున్నాతో భాగించాలంటే, దేన్ని సున్నాతో గుణిస్తే సున్నా వస్తుందో వెతకాలి. ఏ సంఖ్యని తెచ్చినా వస్తుంది. ఒకచోట పలికే దిక్కు లేదు, మరోచోట అందరూ ఒక్కసారే పలుకుతున్నారు. ఇవి రెండూ ఒకే ఇబ్బంది కాదు. పుస్తకం మాత్రం రెంటినీ 'నిర్వచితం కాదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఏదైతేనేం, ఇక్కడ మనల్ని ఎవరూ ఆపడం లేదు. భాగించి చూసుకోవచ్చు, జవాబు తేలదు, అంతే. కాబట్టి ఆ వాక్యంలో ఉండాల్సిన మాట 'కూడదు' కాదు. 'కుదరదు'.

ఈ రెండు మాటలూ తెలుగులో విడివిడిగా ఉన్నాయి. ఒకరు అడ్డుపడితే కూడదు. విషయం స్వభావమే అలాంటిదైతే కుదరదు. ఉండి కూడా వాడుకలో కలిపేస్తుంటాం. స్త్రీలకి జరిగిన అన్యాయంలో చాలా భాగం ఈ కలపడంలోనే ఉందని నా అభిప్రాయం. చదవకూడదు అన్నవాళ్ళే నాలుగు తరాలు గడిచాక ఆడవాళ్ళకి చదువు అబ్బదు అన్నారు. నిషేధం పాతబడి స్వభావమై కూచుంది. దీన్ని విప్పి చూపించడమే స్త్రీవాదం చేసిన పెద్ద పని. అయితే లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. కుదరనివి కూడా ఉంటాయి. ప్రతి 'లేదు' వెనకా ఎవరో కుట్ర చేసే మనిషి ఉన్నాడనుకుంటే ఏది కుదరదో, ఏది కూడదో తేల్చుకునే శక్తి మనకే పోతుంది.

సున్నాతో భాగించడం కుదరదని తేలడానికి మన వాళ్ళకే చాలా కాలం పట్టింది. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో సున్నాకి లెక్కల్లో పూర్తి హోదా ఇచ్చాడు. ఇచ్చి, సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. వేరే సంఖ్యని సున్నాతో భాగిస్తే సున్నా హారంగా ఉన్న భిన్నం అని పేరు పెట్టి వదిలేశాడు. 850 ప్రాంతంలో గణిత సార సంగ్రహం రాసిన మహావీరుడు, సున్నాతో భాగిస్తే సంఖ్య మారదు అన్నాడు. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఈ మహావీరుడి పుస్తకాన్నే. మన భాషలో గణితం ఆ పద్యాలతోనే మొదలైందని చెప్పుకుంటాం. తర్వాత భాస్కరుడు వచ్చి అది 'ఖహరం', అనంతం అన్నాడు. ఎన్ని లోకాలు తనలోంచి పుట్టినా, ఎన్ని తనలో లయమైనా మార్పులేని విష్ణువుతో దాన్ని బీజగణితంలో పోల్చాడు. పోలిక గంభీరంగానే ఉంది కానీ లెక్క నిలవదు.

1150 నాటి ఆ లీలావతిలోనే ఒక సంగతి నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. ఒక సంఖ్యని సున్నాతో గుణిస్తే సున్నాయే, అయితే ముందు ఇంకా చేయాల్సిన లెక్క మిగిలి ఉంటే దాన్ని సున్నా అని తీసిపారెయ్యకుండా 'సున్నాతో గుణించిన ఫలానా సంఖ్య' అని గుర్తుంచుకొమ్మంటాడు భాస్కరుడు. తర్వాత సున్నాతో భాగించాల్సి వస్తే రెండు సున్నాలూ పోయి అసలు సంఖ్య బయటపడుతుందంటాడు. దానికో లెక్క కూడా ఇచ్చాడు. ఒక సంఖ్యని సున్నాతో గుణించి, వచ్చినదానికి అందులో సగం కలిపి, 3తో గుణించి, సున్నాతో భాగిస్తే 63 వచ్చింది, ఆ సంఖ్య ఏది? జవాబు 14. పద్నాలుగుకి దాని సగం కలిపితే 21, మూడింతలు 63. పైనా కిందా సున్నాల్ని కొట్టేశాడన్నమాట. ఈనాటి నియమాల ప్రకారం ఇది తప్పు. కానీ ఆ పని వెనక ఉన్న ఆరాటం నాకు చాలా ఇష్టం. సున్నా అయిపోయినదాంట్లో ముందు ఏముండేదో మర్చిపోవద్దంటున్నాడు. ఇంత ఆరాటం చూపించిన పుస్తకం పేరు మీదున్న ఆడపిల్ల మాత్రం మనకి కథగానే మిగిలింది. నీటి గడియారంలో ముత్యం పడి, రంధ్రం పూడి, ముహూర్తం దాటిపోయిన లీలావతి కథ మూలగ్రంథంలో లేదు. 1587లో అక్బరు ఆజ్ఞ మీద ఫైజీ చేసిన పారసీ అనువాదంలో కనిపిస్తుంది. పుస్తకంలో ఆ 'బాల'ని ఉద్దేశించి వేసిన ప్రశ్నలున్నాయి. ఆమె చెప్పిన జవాబు ఒక్కటీ లేదు.

అసలు విషయానికి వస్తాను. పైన ఎక్స్ వర్గం మైనస్ 9, కింద ఎక్స్ మైనస్ 3. పైదాన్ని కారణాంకాలుగా విడగొడితే ఎక్స్ మైనస్ 3, ఎక్స్ ప్లస్ 3. పైనా కిందా ఉమ్మడిగా ఉన్న ఎక్స్ మైనస్ 3ని కొట్టేస్తే ఎక్స్ ప్లస్ 3 మిగులుతుంది. దీన్ని సూక్ష్మీకరించడం అంటాం. పిల్లలకి భలే సరదా ఈ కొట్టేయడమంటే. పెన్ను పెట్టి రెండు అడ్డగీతలు గీస్తే ఎంత బరువు దిగిపోతుందో! ఎక్స్ ప్లస్ 3లో హారం లేదు, భయం లేదు, 3 వేస్తే చక్కగా 6 వస్తుంది. కానీ మనం మొదలుపెట్టిన సమాసంలో 3 వేస్తే సున్నా కింద సున్నా. అంటే రెండూ ఒకటి కావు. అందుకని సూక్ష్మరూపం పక్కనే 'ఎక్స్ 3కి సమానం కాదు' అని రాయాలి. పిల్లలు రాయరు. ఆ ముక్కకి అరమార్కు పోతుంది, పోతే పోనీ అనుకుంటారు. గ్రాఫు గీస్తే నిటారైన సరళరేఖ, దాని మీద 3 దగ్గర, 6 ఎత్తున, ఒక్క బిందువు లేదు. అక్కడ చిన్న సున్న చుట్టాలి. కంప్యూటరుతో గీయిస్తే చాలాసార్లు ఆ ఖాళీ కూడా కనబడదు. రేఖ అతుకు లేకుండా సాగిపోతున్నట్టే ఉంటుంది. ఒక్క బిందువు వెడల్పెంత గనక?

పోతే ఏమిటి నష్టం? ఈ సమాసం విలువ 6 ఎప్పుడవుతుందని అడిగాననుకోండి. సూక్ష్మరూపం పట్టుకుంటే ఎక్స్ ప్లస్ 3 ఆరుకి సమానం, కాబట్టి ఎక్స్ 3. టక్కున వచ్చేసింది. మూలంలో వేసి చూడండి, అక్కడ ఏమీ లేదు. ఈ ప్రశ్నకి జవాబే లేదు. మినహాయింపుని మర్చిపోయిన మనిషికి, సరిగ్గా ఆ మర్చిపోయిన చోటే పరిష్కారం దొరికినట్టు కనిపించింది. ఈ లెక్క చెప్పినప్పుడల్లా నాకు గణితంతో సంబంధంలేని చాలా విషయాలు గుర్తొచ్చేవి.

ఇక్కడ నాకున్న ప్రశ్న నైతికమైనది. సూక్ష్మీకరించిన మనిషికి, ఆ పనివల్ల కనబడకుండా పోయినదాన్ని చివరిదాకా మోసుకెళ్ళాల్సిన బాధ్యత ఉందా?

సూక్ష్మీకరణ లేకుండా ఆలోచన లేదు. 'స్త్రీలు' అనే మాటే ఒక ఉమ్మడి కారణాంకం. అది బయటికి తీయకపోతే 1980ల్లో, 90ల్లో మన కవిత్వం, మన కథ వచ్చేవి కావు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు ఇన్ని గొంతుల్లో ఉమ్మడిగా ఉన్నదేమిటో ఒకచోట కనిపించింది. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అయితే ఆ ఉమ్మడి కారణాంకాన్ని కొట్టేసినప్పుడు ఏ విలువల దగ్గర ఆ సూత్రం పనిచెయ్యదో పక్కన రాసుకోలేదు. గడప దాటడం విముక్తి అన్నాం. ఉద్యోగం విముక్తి అన్నాం. తరతరాలుగా తెల్లారకముందే గడప దాటి, ఎవరి పొలంలోనో నడుం వంచి నాట్లు వేస్తున్న స్త్రీ దగ్గర ఈ సూత్రాన్ని వేసి చూస్తే ఏమొస్తుంది? ఆమెకి బయటి పని కొత్త కాదు, ఆ పనిలో ఉన్న కులం కొత్త కాదు, ఆ కులం పేరుతో శరీరం మీద జరిగే దాడి కొత్త కాదు. సూత్రం ప్రకారం ఆమె ఎప్పుడో విముక్తురాలై ఉండాలి. పరిష్కారం అన్నది ఆమె విషయంలో సున్నా కింద సున్నా అయింది. ఈ మాట దళిత స్త్రీలు స్వయంగా చెప్పేదాకా మనకి వినబడలేదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు కొందరు దాన్ని చీలిక అన్నారు. చీలిక అనడం నాకు ఒప్పుగా తోచలేదు. రేఖ మీద చుట్టాల్సిన సున్నని ఎవరో ఒకరు చుట్టి చూపించారు, అంతే. రేఖ ముందునుంచీ అక్కడ తెగే ఉంది.

పక్కదారి అయినా ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషులో ఈ సంఖ్యల్ని 'రేషనల్' అంటారు. ఆ మాటకి నిష్పత్తి అన్న అర్థం ఉంది, హేతుబద్ధం అన్న గౌరవం కూడా అంటుకుంది. మిగిలినవి 'ఇర్రేషనల్', అంటే హేతువు లేనివి. ఆ రెండో మాటని ఆడవాళ్ళకి ఎన్నిసార్లు అంటగట్టారో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలుగులో చూడండి, వర్గమూలంలో చిక్కుకున్న సంఖ్య కరణి. దాన్ని బట్టి అవి కరణీయ సంఖ్యలు. రేషనల్ సంఖ్యలు 'అకరణీయ'మైనవి, అంటే కరణి కానివి. మన భాషలో 'కానిది' అనే ముద్ర రేషనల్ మీదే పడింది. ఏది మామూలు, ఏది దానికి లోపం అన్నది పేరు పెట్టేవాళ్ళు ఎక్కడ నిలబడి ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో ఒక్కరు కూడా నోట్సు రాసుకోరు. పరీక్షలో రాదు కదా.

హారం గురించి ఇంకొక సంగతి ఉంది, అది నేను పనిచేసిన ఒక ప్రైవేటు కాలేజీలోది. పేరు అక్కర్లేదు. ఏటా ఫలితాలు రాగానే బ్రోషరుకీ, గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీకీ అంకెలు సిద్ధం చేసే పని కొన్నాళ్ళు నాకిచ్చారు. లెక్క సులువుగా ఉండడానికి గుండ్రటి సంఖ్యలతో చెబుతాను. ఒక సెక్షన్లో 60 మంది అమ్మాయిలు చేరారు. 50 మంది పరీక్ష రాశారు. 45 మంది పాసయ్యారు. ఉత్తీర్ణత 90 శాతం. ఎక్కడైనా ఇలాగే వేస్తారు, పాసైనవాళ్ళని హాజరైనవాళ్ళతో భాగిస్తారు. ఇందులో అబద్ధం లేదు. ఆ పది మంది ఎక్కడికి పోయారు? ఇద్దరో ముగ్గురో వేరే కాలేజీకి మారారు. ఒకమ్మాయి తల్లికి జబ్బు చేస్తే వంట, తమ్ముళ్ళు మీద పడి ఆగిపోయింది. మిగిలిన వాళ్ళకి పెళ్ళిళ్ళయిపోయాయి. పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకి పెళ్ళి చెయ్యడం నేరమని 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం చెప్పింది. ఇంటర్ రెండో ఏడాది ఆడపిల్లకి ఎన్నేళ్ళుంటాయో అందరికీ తెలుసు. నా హాజరు పట్టీలో ఆ పేర్ల ఎదురుగా మాఘమాసం నుంచి వరసగా గైర్హాజరు, తర్వాత ఆఫీసు వాళ్ళు పేరు మీద కొట్టిన ఎర్రసిరా గీత.

60తో భాగిస్తే 75 శాతం. నేను 75 వెయ్యమనలేదు. 90 శాతం కిందే చిన్న అక్షరాలతో 'చేరినవారు 60, హాజరైనవారు 50' అని ఒక్క లైను వెయ్యమన్నాను. మేనేజిమెంటు వాళ్ళు నవ్వి, "అది మన తప్పు కాదు కదా మేడమ్" అన్నారు. నిజమే. పెళ్ళిళ్ళు వాళ్ళు చెయ్యలేదు. 90 అంకె కూడా తప్పు కాదు. అది ఎవరి గురించిన అంకో చెప్పకపోవడం దగ్గరే నా అభ్యంతరం. హారంలోంచి ఒక మనిషిని తీసేస్తే శాతం పెరుగుతుంది. అంటే ఒక పిల్ల చదువు ఆగిపోవడం వల్ల కాలేజీ గొప్పతనం ఒక మెట్టు పెరిగింది. ఈ తర్కం నేను చెబితే వాళ్ళకి విడ్డూరంగా అనిపించింది. లైను వెయ్యలేదు. మరుసటేడు ఆ పని వేరేవాళ్ళకి అప్పగించారు. మా డిపార్టుమెంటు రికార్డులో మాత్రం రెండు సంఖ్యలూ పక్కపక్కనే రాస్తూ వచ్చాను, అడిగేవాళ్ళు లేకపోయినా. 1988లో మెరిలిన్ వేరింగ్ దేశాల జాతీయాదాయ లెక్కల్లోంచి ఆడవాళ్ళ ఇంటిచాకిరీ ఎలా జారిపోయిందో పుస్తకం రాసి చూపించింది. అంత పెద్ద లెక్క చూడ్డానికి నాకు ఓ సెక్షన్ హాజరు పట్టీ చాలింది.

ఇదంతా విన్న నా స్నేహితుడు, గణితంలో పరిశోధన చేసినాయన, ఒక అభ్యంతరం చెప్పాడు. "3ని మినహాయిస్తే 3కి బాధేమీ ఉండదమ్మా. లెక్కల్ని సమాజం మీదకి లాగితే లెక్కా చెడుతుంది, సమాజమూ అర్థం కాదు." ఈ మాటలో మొదటి సగం పూర్తిగా ఒప్పుకుంటాను. సంఖ్యకి ప్రదేశంలో చోటు పోతే ఏమీ పోదు, మనిషికి పోతుంది. ఇంకో తేడా కూడా ఉంది, ఆయన చెప్పనిది. బీజగణితంలో మినహాయింపు ఎవరి ఇష్టాన్ని బట్టీ ఉండదు. హారాన్ని సున్నాకి సమానం చేసి చూస్తే ఎవరికైనా, ఎక్కడైనా అవే విలువలు వస్తాయి. పల్లెటూరి కాలేజీలో పదహారేళ్ళ పిల్ల కూడా లెక్కవేసి, ఇక్కడ ఇది కుదరదు అని అధికారంగా చెప్పగలదు. కానీ దానికి ఒక షరతు ఉంది. ఆమె చేతిలో మూల సమాసం ఉండాలి. ఎక్స్ ప్లస్ 3 మాత్రమే చేతికిస్తే దాన్ని ఎంత గుచ్చి గుచ్చి చూసినా 3 దగ్గర ఖాళీ ఉందని కనిపెట్టలేదు. దాన్లో ఆ ఆనవాలే లేదు. పోలిక ఇంతవరకు నిలుస్తుందని నా నమ్మకం. మూలాన్ని దాచి సూక్ష్మరూపాన్ని ఇవ్వడంలోనే అన్యాయం ఉంది.

ముద్దుపళని 'రాధికాసాంత్వనం' సంగతి ఇలాంటిదే. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ల వారి ద్వారా దాన్ని మళ్ళీ అచ్చు వేయించింది. అంతకుముందు అచ్చయిన పుస్తకం ఒకటుంది. కవయిత్రి తన గురించి, తన ఇంటి స్త్రీల గురించి చెప్పుకున్న పీఠిక అందులో లేదు, కొన్ని పద్యాలూ లేవు. వ్రాతప్రతి సంపాదించి పక్కన పెట్టుకుంటే గానీ నాగరత్నమ్మకి ఏవి పోయాయో తెలియలేదు. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. ఆమె ప్రచురణని వీరేశలింగం వర్గం అశ్లీలమంది, 1911లో ప్రభుత్వం నిషేధించింది.

నిషేధం, తొలగింపు ఒకటి కావని ఈ కథలో స్పష్టంగా కనిపిస్తుంది. లెక్కలో కూడా మినహాయింపులు రెండు రకాలు. 1 కింద ఎక్స్ మైనస్ 3 ఉందనుకోండి, అక్కడ పైనా కిందా కొట్టెయ్యడానికి ఏమీ లేదు. 3కి దగ్గరగా 2.9 వేస్తే మైనస్ 10, 2.99 వేస్తే మైనస్ 100. అటువైపు 3.01 వేస్తే 100. వక్రరేఖ ఒక పక్క పాతాళానికి, ఒక పక్క ఆకాశానికి పరుగెడుతుంది. 3 దగ్గర మనం చుక్కల గీత గీస్తాం, అది అనంత స్పర్శరేఖ. 3 గ్రాఫులో లేదు, కానీ మొత్తం గ్రాఫు ఆకారం దాని చుట్టూ వంగి ఉంది. నిషేధించిన పుస్తకం అలాంటిది. చుట్టూ సాహిత్య చరిత్ర అంతా వంకర తిరిగి దాని గురించి మాట్లాడుతూనే ఉంటుంది. పీఠిక తీసేసిన పుస్తకం దగ్గర అలాంటిదేమీ జరగదు. చదివే మనిషి చేయి ఎక్కడా తడబడదు. నన్నడిగితే ఆ రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఏ వాస్తవ సంఖ్యనీ మినహాయించని అకరణీయ సమాసాలు కూడా ఉన్నాయి. వాటిల్లో అందమైనది 1 కింద 1 ప్లస్ ఎక్స్ వర్గం. ఎక్స్ ఏదైనా దాని వర్గం రుణాత్మకం కాదు, ఒకటి కలిపితే సున్నా అయ్యే ప్రసక్తే లేదు. గ్రాఫు గీస్తే మధ్యలో మెల్లగా లేచి రెండు వైపులా నేలకి ఆనుకుంటూ పోయే గుట్ట. ఈ వక్రరేఖకి ఇంగ్లీషులో పేరు 'అగ్నేసీ మంత్రగత్తె'. మరియా గయేతానా అగ్నేసీ 1718లో మిలాన్‌లో పుట్టింది. బీజగణితం నుంచి కలనగణితం దాకా ఒక క్రమంలో వివరిస్తూ 1748లో ఇటాలియన్‌లో రెండు సంపుటాలు రాసింది. ఈ వక్రాన్ని ఆమె కనిపెట్టలేదు, ఫెర్మా, గ్రాందీ అంతకుముందే చూశారు. గ్రాందీ పెట్టిన 'వెర్సియేరా' అన్న పేరునే ఆమె వాడింది, తిరగడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చిన మాట అది. కేంబ్రిడ్జిలో ప్రొఫెసరుగా ఉన్న జాన్ కోల్సన్ ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. దయ్యపుదానికి ఇటాలియన్లో 'అవ్వెర్సియేరా' అంటారు. ఆయన ఆ రెండు మాటల్నీ కలగలిపి మంత్రగత్తె అని రాశాడు. పొరపాటో, పరిహాసమో. 1801లో ఆ అనువాదం అచ్చయింది. అప్పటికి అగ్నేసీ పోయి రెండేళ్ళు. 1750లో బొలోన్యా విశ్వవిద్యాలయం ఆమెని గణితాచార్యురాలిగా నియమించింది, ఆమె వెళ్ళలేదు. తండ్రి పోయాక చివరిదాకా పేద రోగుల సేవలో గడిపింది. ఎవరినీ బయటికి నెట్టని ఆ సమాసం మీద, దాన్ని బోధించిన స్త్రీ పేరు పక్కన, మంత్రగత్తె అన్న మాట ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

దీనికి మినహాయింపులు లేవన్నానే, అది కూడా పూర్తిగా నిజం కాదు. ఈ సమాసాన్ని 1 మైనస్ ఎక్స్ వర్గం, ప్లస్ ఎక్స్ నాలుగో ఘాతం, మైనస్ ఆరో ఘాతం, ఇలా అంతులేని శ్రేణిగా రాయొచ్చు. ఎక్స్ అర అయినప్పుడు నాలుగు పదాలు కూడితే 0.797 వస్తుంది, అసలు విలువ 0.8. ఎక్స్ 2 అయినప్పుడు 1 మైనస్ 4 ప్లస్ 16 మైనస్ 64 అంటూ శ్రేణి చెయ్యి దాటిపోతుంది, అసలు విలువ చూస్తే బుద్ధిగా అయిదో వంతు. సరిగ్గా 1 దగ్గర చెడుతుంది. అక్కడ వక్రరేఖకి ఏ లోపమూ లేదు, నున్నగా ఉంది. మరెందుకు చెడింది? వాస్తవ సంఖ్యల్లో ఎంత వెతికినా కారణం కనిపించదు. సంకీర్ణ సంఖ్యల్లోకి వెళ్ళి చూస్తే, వర్గం మైనస్ 1 అయ్యే ఐ అనే సంఖ్య దగ్గర, మైనస్ ఐ దగ్గర, ఆ హారం సున్నా అవుతోంది. సున్నా నుంచి వాటి దూరం సరిగ్గా 1. మనం గీసిన రేఖ మీద లేని రెండు మినహాయింపులు ఆ రేఖ మీది లెక్కని ఎక్కడిదాకా సాగనివ్వాలో నిర్ణయిస్తున్నాయి.

ఇది ఇంటర్ సిలబస్‌లో లేదు. ఒకసారి ఆడపిల్లల సెక్షన్లో, పీరియడ్ ఆఖర్న, సమయం మిగిలితే చెప్పాను. "ఆ ఐ ఎక్కడుంటుంది మేడమ్, గ్రాఫులో చూపించండి" అన్నారు. ఎక్స్ అక్షం మీద ఎక్కడా పెట్టలేను కదా. సుద్దముక్క తీసుకుని సున్నా మీంచి నిలువుగా పైకి ఒక యూనిట్ కొలిచి, రేఖకి బయట, బల్ల మీద ఖాళీగా ఉన్నచోట ఒక చుక్క పెట్టాను. అంతే దూరం కిందకి కొలిచి ఇంకొకటి పెట్టాను. గంట కొట్టారు. ముందు బెంచీ పిల్లలిద్దరు ఆ చుక్కల్ని చెరపొద్దని తర్వాతి పీరియడ్ లెక్చరర్ని అడుగుతుండగా నేను బయటికొచ్చాను.